సెమీ క్రిస్మస్ నుంచి వాచ్ నైట్ దాకా: హాస్టల్ పిల్లల డిసెంబర్

అక్క: అందరికీ వందనాలు. రికార్డింగ్ మొదలైంది రా, ముందు నోట్లోవి మింగు.

తమ్ముడు: ఆగక్కా... ఆఁ, అయిపోయింది. అందరికీ నమస్తే. పొద్దున్నే అమ్మ పంపిన డబ్బా బస్సు పార్సిల్లో వచ్చిందండీ. గవ్వలు, అరిసెలు, జంతికలు. మా హాస్టల్ నుంచి హైదరాబాద్ తార్నాకలో అక్క రూమ్‌కి ఈ డబ్బా కోసమే వచ్చానంటే అబద్ధం కాదు.

అక్క: డిసెంబర్ మొదటి వారంలోనే పిండివంటలేంటి అని కొందరికి అనిపించొచ్చు. మా గుంటూరు వైపు ఒకటో తారీఖున మేడ మీద స్టార్ వెలిగిందంటే పండగ వచ్చేసినట్టే. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ అక్కడ లూథరన్ మిషన్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఊరి నిండా చర్చిలే కదా. నెలంతా ఏదో ఒక వీధిలో డోలక్ మోగుతూనే ఉంటుంది. ఇవాళ చెప్పాలనుకున్నది కూడా అదే. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఇరవై ఐదో తారీఖు ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. ఆ రోజు ఇంటికి చేరలేకపోవచ్చు, ముందురోజే పరీక్ష ఉండొచ్చు. నెల మాత్రం మొత్తం మన చేతిలోదే.

తమ్ముడు: పరీక్ష అనగానే గుర్తొచ్చింది. నీ వైవా సంగతి చెప్పవా?

అక్క: చెప్తాను, అందరికీ పనికొస్తుంది. డిగ్రీ రెండో ఏడాదిలో మూడు రాత్రులు వరసగా క్యారల్ రౌండ్స్‌కి, అంటే ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడటానికి వెళ్లాను. రాత్రి తొమ్మిదికి వ్యాన్ ఎక్కితే తెల్లారి నాలుగింటికి దిగేవాళ్లం. ప్రతి ఇంటి ముందూ రెండు పాటలు, ప్రార్థన, టీ, కేకు ముక్క. మూడోరోజు పొద్దున వైవాలో కూర్చుంటే గొంతు పూర్తిగా పోయింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు మంచాయన, కాగితం ఇచ్చి "రాసి చూపించమ్మా" అన్నారు. అందుకే చెప్తున్నా, రౌండ్స్‌కి ఒక్క రాత్రే పెట్టుకోండి. ఆ రాత్రి మాత్రం మనసారా పాడండి. వెళ్లేముందు మఫ్లర్ చుట్టుకోండి, వచ్చాక మిరియాల పాలు తాగి పడుకోండి. మిగతా రోజులు భోజనాలయ్యాక అరగంట ప్రాక్టీస్ చాలు.

తమ్ముడు: మా హాస్టల్లో అదే చేస్తున్నాం. మెస్ టైమ్ అయ్యాక టెర్రస్ మీద పాటలు. డోలక్ లేదని ప్లాస్టిక్ బకెట్ బోర్లించి వాయిస్తున్నాం. మొదటిరోజు నలుగురం. మూడోరోజుకి పదిహేనుమంది, అందులో సగంమందికి పాటలే రావు. ఖమ్మం నుంచి వచ్చిన ఒక ఫ్రెండు చప్పట్లు కొట్టడానికే వస్తాడు. వాడు రాకపోతే పాట చప్పగా ఉంటుంది.

అక్క: స్టార్ కట్టారా?

తమ్ముడు: కట్టాం. ఇది కొంచెం వివరంగా చెప్తాను, నేను సొంతంగా చేసిన మొదటి స్టార్. జనరల్ బజార్‌లో కొందామంటే మాకు నచ్చిన సైజు రేటు ఎక్కువ ఉంది. కొబ్బరి చీపురు పుల్లలు మూడేసి కలిపి దారంతో చుడితే గట్టి బద్దలా తయారవుతుంది. అలాంటివి పది. అయిదు బద్దలతో ఒక నక్షత్రం, ఇంకో అయిదుతో అదే కొలతలో రెండోది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు అయిదూ కట్టేయాలి. ఇప్పుడు మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు అయిదుంటాయి చూడు, అక్కడ బెత్తెడు పుల్లలు అయిదు అడ్డంగా దూర్చాలి. అప్పటిదాకా పలకలా ఉన్నది ఒక్కసారి పొట్ట ఉబ్బుతుంది! ఆ క్షణంలో రూమ్‌లో అందరం అరిచాం.

అక్క: మీ అరుపులు వీడియో కాల్లో విన్నాన్లే.

తమ్ముడు: తర్వాత ఎర్ర రంగు గ్లాస్ పేపర్, మైదా ఉడకేసిన జిగురు. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం అంటుకునే ప్రమాదం ఉంది. కట్టేముందు వార్డెన్ గారిని అడిగాం. "కారిడార్లో కడితే అందరికీ కనపడుతుంది కదా, గదిలో ఎందుకు" అని ఆయనే మేకు చూపించారు.

అక్క: బట్టల గురించి కూడా చెప్పు. నీకు ఏటా అదే గొడవ.

తమ్ముడు: టైలర్ల దగ్గర డిసెంబర్ అంటే రద్దీ నెల. పోయినేడాది పదిహేనో తారీఖున గుడ్డ ఇచ్చాను. ఇరవై నాలుగు సాయంత్రం షాపుకెళితే నా చొక్కాకి చేతులు లేవు. ఆ అన్న పాపం రాత్రి తొమ్మిదింటిదాకా నా ముందే కుట్టి, కాజాలు కూడా వేసి ఇచ్చాడు. ఈసారి నవంబర్లోనే ఇచ్చేశాను. మీరు ఇంకా ఇవ్వకపోతే ఈ ఎపిసోడ్ ఆపేసి వెళ్లి ఇచ్చి రండి.

అక్క: రైలు టికెట్టు కూడా అంతే. ఇప్పుడు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే డిసెంబర్ 23 రైలుకి అక్టోబర్ 24న తెరిచారు. అది దాటిపోయినవాళ్లకి తత్కాల్ ఉంది. ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. యాప్‌లో ఆధార్ వెరిఫికేషన్ ముందే చేసి పెట్టుకోండి, అది లేనిదే ఆన్‌లైన్ తత్కాల్ దొరకదు. గుంటూరు వెళ్లేవాళ్లకి పగటిపూట గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఉంది కదా. సికింద్రాబాద్‌లోనే బయల్దేరుతుంది కాబట్టి కాస్త ముందు వెళితే జనరల్లోనూ కూర్చోవచ్చు.

తమ్ముడు: సెమీ క్రిస్మస్ గురించి చెప్పక్కా. మా క్లాసులో బెంగాల్ అబ్బాయి "సగం క్రిస్మస్ ఏంటి" అని అడిగాడు.

అక్క: నాకు చాలా ఇష్టమైన మాట అది. సెలవులకి అందరూ వెళ్లిపోకముందే కాలేజీలో, ఆఫీసులో, వీధిలో కలిసి చేసుకునే పండగ. సగం అని కాదు, ముందుగా అని. నిజం చెప్పాలంటే స్టూడెంట్ల అసలు క్రిస్మస్ అదే, ఎందుకంటే స్నేహితులందరూ ఉండేది అప్పుడే. యేసు పుట్టుక నాటిక వేయడానికి డబ్బులు అక్కర్లేదు. దుప్పట్లు కప్పుకుని తలకి తువ్వాలు చుడితే గొర్రెల కాపరులు, జరీ చున్నీలేస్తే ముగ్గురు జ్ఞానులు. క్రిస్మస్ ఫ్రెండ్ అని చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లకి బహుమతి ఇచ్చే ఆట ఉంది కదా, దానికి చీటీలు వేసుకునేటప్పుడు బహుమతి వంద రూపాయలు దాటకూడదని గట్టిగా పెట్టుకోండి. లేకపోతే డబ్బుల్లేనివాళ్లు ఏదో వంక చెప్పి రాకుండా ఉండిపోతారు. అలా ఒక్కరు తగ్గినా నాకు బాధే. నాకొచ్చిన వాటిలో ఇప్పటికీ దాచుకున్నది ఏంటో తెలుసా? ఒకమ్మాయి తన నోట్స్ మొత్తం నీట్‌గా రాసి, కుట్టి, అట్ట వేసి ఇచ్చిన పుస్తకం.

తమ్ముడు: కేకు సంగతి?

అక్క: రూమ్ తీసుకుని ఉండేవాళ్లకి చెప్తాను. హాస్టల్ వాళ్లు బేకరీలో ప్లమ్ కేకు కొనుక్కోండి, హాయి. ఓవెన్ అక్కర్లేదు, కుక్కర్ చాలు. ముందురోజు ఎండు ద్రాక్ష, టూటీఫ్రూటీ, ఖర్జూరం ముక్కలు ద్రాక్ష రసంలో నానేయండి. ఇక ముప్పావు గ్లాసు పంచదారలో సగం తీసి దళసరి గిన్నెలో సన్నని సెగ మీద కరగనివ్వాలి. తేనె రంగు వస్తుంది, అక్కడ ఆపకూడదు. డికాషన్ రంగు వచ్చాక పొయ్యి ఆపి, కొంచెం దూరంగా నిలబడి పావు గ్లాసు వేడినీళ్లు పొయ్యాలి. చల్లనీళ్లు పోస్తే చిటపటమని మీదకి చిందుతుంది. ఆ పాకమే కేకు రంగూ రుచీ.

తమ్ముడు: ఆ వాసనకి పోయినేడాది పక్కింటి పిల్లలు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

అక్క: వాళ్లే మొదటి ముక్క తిన్నారు. రెండు గుడ్లు, అర గ్లాసు నూనె, మిగిలిన పంచదార గిలకొట్టి, చల్లారిన పాకం పోసి, గ్లాసు మైదా, చెంచా బేకింగ్ పౌడర్ జల్లించి కలపాలి. నానిన పళ్లని వడకట్టి కాస్త పొడి మైదాలో దొర్లించి వేయండి, అడుక్కి దిగిపోవు. కుక్కర్‌కి విజిల్, గాస్కెట్ రెండూ తీసేసి, అడుగున ఉప్పు పరిచి పది నిమిషాలు వేడెక్కించాక గిన్నె లోపల పెట్టి మూత పెట్టాలి. సన్నని సెగ మీద ముప్పావు గంట. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. మర్నాటికి ఇంకా బాగుంటుంది, మిగిలితే.

తమ్ముడు: మెదక్ ట్రిప్ చెప్పకుండా నిన్ను వదలను.

అక్క: మెదక్ చర్చి! హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు ఉంటుంది, సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో బస్సులున్నాయి. తెలంగాణ ఆధార్ ఉన్న అమ్మాయిలకి ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్టు, అంటే ఉచితం. మిషనరీ పాస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో జనానికి ఊరికే అన్నం పెట్టకుండా పని ఇచ్చి పెట్టారట. ఆ గోడలు చూస్తుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కూలీల చేతులే. ఒక్క చిట్కా: పగలు వెళ్లండి. లోపల మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలున్నాయి, క్రీస్తు జననం, సిలువ, పరలోకానికి ఆరోహణం. బయటి ఎండ పడితేనే ఆ బొమ్మలు వెలుగుతాయి, పొద్దుగూకాక వెళితే నల్లగా కనపడతాయి. పండగరోజు ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు కాబట్టి, చూడటానికైతే అంతకు ముందు వారంలో ఒక మామూలు రోజు మంచిది.

తమ్ముడు: మా ఖమ్మం ఫ్రెండు ఇరవై నాలుగు రాత్రి ఆరాధనకి మనతో వస్తానన్నాడు. ఏం చేయాలో తెలీదని భయపడుతున్నాడు.

అక్క: భయమెందుకు! చాలా చర్చిల్లో చెప్పులు బయట విడుస్తారు, చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్లు తల మీద చున్నీ వేసుకుంటారు. అందరూ లేస్తే లేవాలి, కూర్చుంటే కూర్చోవాలి. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సమయంలో కూర్చునే ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. బయటికొచ్చాక మాత్రం పది మంది వాడి చేయి పట్టుకుని శుభాకాంక్షలు చెప్తారు, దానికి రెడీగా ఉండమను.

తమ్ముడు: ఒక మెసేజ్ వచ్చిందక్కా. జర్మనీలో మాస్టర్స్ చేస్తున్న చెల్లి. "మొదటిసారి ఒక్కదాన్నే ఉంటున్నాను, ఏం చేయను" అని.

అక్క: అమ్మా, ముందు బియ్యం, పాలు, కూరగాయలు ఇరవై మూడుకే తెచ్చుకో. అక్కడ ఇరవై నాలుగు మధ్యాహ్నానికి దుకాణాలు మూసేస్తారు, ఇరవై ఐదూ ఇరవై ఆరూ రెండూ సెలవే. ఈలోపు సాయంత్రాలు క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్లు, తిరగడానికి డబ్బులక్కర్లేదు. కిండర్‌పున్ష్ అని వేడి పళ్లరసం ఇస్తారు, మద్యం ఉండదు. కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బు వెనక్కిచ్చేస్తారు. ఇక పండగరోజు ఒక్కదానివే కూర్చోవద్దు. మీ క్లాసులో ఇంటికి వెళ్లనివాళ్లు ఇంకా ఉంటారు, ఇరాన్ వాళ్లో నైజీరియా వాళ్లో. ఇవాళే అడుగు, "ఆ రోజు మా గదికి భోజనానికి వస్తారా" అని. పిలుస్తారేమోనని చూస్తూ కూర్చోకు, నువ్వే పిలువు. కోడి పులావు, పెరుగు పచ్చడి చేస్తే చాలు. అమ్మకి వీడియో కాల్ మాత్రం వండేటప్పుడు చెయ్యి. తిన్నాక చేస్తే ఏడుపొస్తుంది, నాకు తెలుసు.

తమ్ముడు: అక్కా, తొమ్మిదిన్నర కావస్తోంది. నా హాస్టల్ గేటు!

అక్క: ఉండు, ప్లేటు సర్దుతున్నా. ఇంట్లో ఉంటే ఈపాటికి అమ్మ పక్కిళ్లకి పళ్లేలు పంపించేది కదా. నాలుగు అరిసెలు, ఇంకా గవ్వలు... కింద వాచ్‌మెన్ తాతకి జంతికలు గట్టిగా ఉంటాయేమో, అవి వద్దులే. వెళ్తూ వెళ్తూ ఇచ్చేసెయ్.

తమ్ముడు: గవ్వలు అన్నీ వేసేశావా?

అక్క: నీ జేబులో ఉన్నవి కనపడుతూనే ఉన్నాయి రా. వాచ్ నైట్, అంటే డిసెంబర్ 31 రాత్రి ఆరాధన గురించి వచ్చే వారం చెప్పుకుందామండీ. మైక్ ఆపెయ్, తాత పడుకుంటాడు.