తొలి డ్రాయింగ్ కోర్సు: ముందు గదిని సరిచేద్దాం

అందరికీ నమస్కారం. బొమ్మల పాఠం కొత్తగా మొదలుపెడుతున్న డిగ్రీ కాలేజీల అధ్యాపకులు, ఆ క్లాసులో కూర్చోబోయే పిల్లలు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. "నాకు చెయ్యి తిరగదు సార్" అని మొదటి వారమే వెనక్కి తగ్గే పిల్లలు ఉంటారు. వాళ్ల కాగితాలు జాగ్రత్తగా చూడండి. చాలాసార్లు తప్పు కూర్చున్న తీరులో, గది వెలుతురులో ఉంటుంది. ఆ రెండూ సరిచేయడానికి పెద్ద ఖర్చు లేదు.

మొదట బోర్డు సంగతి. బల్ల మీద పరిచిన కాగితానికి పై అంచు కంటికి దూరంగా ఉంటుంది, అందుకే అటువైపు కురచగా కనబడుతుంది. దాన్ని సరిచేయబోయి చెయ్యి తెలియకుండానే పై భాగాన్ని సాగదీస్తుంది. తర్వాత కాగితం లేపి చూస్తే రంజన్ (నీళ్ల మట్టికుండ) మెడ కొంగ మెడలా ఉంటుంది. కాబట్టి బోర్డు నిలువుగా ఉండాలి. ఈజిల్ (బోర్డు నిలబెట్టే స్టాండు) లేకపోతే ముందున్న కుర్చీ వీపుకు ఆనించి, కింది అంచు ఒళ్లో పెట్టుకుంటే సరిపోతుంది. 18×24 అంగుళాల ప్లైవుడ్ ముక్క, 15×22 అంగుళాల కార్ట్రిడ్జ్ కాగితం (బొమ్మలకు వాడే దళసరి కాగితం), నాలుగు మూలలా నాలుగు క్లిప్పులు. రెండే పెడితే సీలింగ్ ఫ్యాను గాలికి కాగితం లేస్తుంది. గీసే వస్తువుకు దాని ఎత్తుకు మూడింతలైనా దూరంలో కూర్చోవాలి. తల తిప్పకుండా చూపు మాత్రమే వస్తువు నుంచి కాగితానికి మళ్లాలి. కుడిచేతి వాళ్లకు వస్తువు బోర్డుకు ఎడమ పక్కన కనబడాలి, లేకపోతే సొంత చెయ్యే అడ్డొస్తుంది.

ఇక వెలుతురు. మన క్లాసు గదుల్లో వరసగా వెలిగే ట్యూబ్‌లైట్ల కింద ఒక్క చెంబుకు మూడు నాలుగు నీడలు పడతాయి, ఏదీ గట్టిగా ఉండదు. అలాంటి చెంబును గుండ్రంగా చూపించడం అనుభవం ఉన్న చేతికీ కష్టమే. లైట్లన్నీ ఆపేసి, తలుపు మూసి, ఒక్క బల్బు పక్క నుంచి, కొంచెం పై నుంచి పడేలా పెట్టండి. ఉత్తరం కిటికీ వెలుగు మంచిదని పుస్తకాల్లో రాస్తారు. కానీ మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. వేసవి నెలల్లో పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీలోంచి కూడా ఎండ వాలుగా లోపలికి వస్తుంది. తెల్లటి పల్చని పంచె అడ్డం కట్టండి.

నీడ కదలడం ఎంత పెద్ద చిక్కో పిల్లలకు చూపించడానికి నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో నీడ పగలంతా నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది, బయట ప్రాంగణంలో మాత్రం ఎండ నీడ జరుగుతూనే ఉంటుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. బయట గీసేటప్పుడు మొదటి పది నిమిషాల్లో నీడ అంచులు గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత నీడ ఎటు పోయినా మార్చకూడదు. మారుస్తూ పోతే ఒకే బొమ్మలో రెండు పొద్దులు కనిపిస్తాయి.

కొలత దగ్గర అందరూ జారే చోటు ఒకటుంది. పెన్సిల్ పట్టుకుని, ఒక కన్ను మూసి, చెయ్యి పూర్తిగా చాచి కొలవాలి. రెండో కొలతకు మోచెయ్యి కాస్త వంగినా లెక్క తప్పుతుంది. వస్తువు వెనక్కి పోతోందని పెన్సిల్‌ను కూడా లోపలికి వంచకండి, అద్దానికి ఆనించినట్టు నిటారుగానే ఉంచాలి. ముందు రంజన్ వెడల్పు ఎత్తులో ఎన్నో వంతో చూసి కాగితం మీద గుర్తులు పెట్టండి. గీతలు ఆ తర్వాత.

మూతి అండాకారంగా గీసి, అడుగును మాత్రం తిన్నటి గీతగా గీయడం మొదటి నెలంతా కనిపించే తప్పు. బల్ల మీద అడుగు చదునుగా ఉంటుందని మనసుకు తెలుసు, చెయ్యి దాన్నే గీస్తుంది. అడుగు కంటి మట్టానికి మూతి కన్నా ఇంకా దిగువన ఉంటుంది కనుక దాని వంపు ఇంకా ఎక్కువ విచ్చుకోవాలి. అండాకారం కొసలు ఎంత సన్నబడినా గుండ్రంగానే మలుపు తిరగాలి, మొనదేలకూడదు.

మర్రి ఊడలు గీయాలంటే పిల్లలు తడబడతారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి తీసుకెళ్లి, ఊడలను వదిలేసి వాటి మధ్య కనిపించే ఆకాశపు ముక్కలను మాత్రమే గీయమనండి. ఆ ముక్కకు పేరు లేదు, కాబట్టి మనసులో ముందే ఉన్న బొమ్మ అడ్డురాదు. అంత దూరం పోలేకపోతే ఊరి మర్రి అయినా, కుర్చీ కాళ్ల మధ్య ఖాళీ అయినా సరే.

షేడింగ్‌కు ముందు అయిదు గళ్లు వేయించండి. తెలుపు, నలుపు ముందు తేల్చి, నడిమి బూడిద రంగు వేసి, ఆపైన మిగతా రెండు. తెలుపు నుంచి వరసగా వేసుకుంటూ పోతే నలుపు దాకా చేరరు, బొమ్మంతా ఒకే మబ్బుగా మిగులుతుంది. నీడ వైపు అంచున బల్ల మీద నుంచి తిరిగి పడే వెలుగు ఒకటి ఉంటుంది. కళ్లు చికిలించి చూడండి, అది వెలుగు వైపున్న ఏ చోటుకన్నా నల్లగానే ఉంటుంది. దాన్ని తెల్లగా వదిలేస్తే వస్తువు గుండ్రదనం చెడుతుంది.

బొగ్గుతో మొదలుపెట్టినవాళ్లు మెత్తటి విల్లో బొగ్గే (విల్లో చెట్టు పుల్లలను కాల్చి చేసేది) కొనాలి. గట్టిగా నొక్కి చేసిన కంప్రెస్డ్ బొగ్గు రబ్బరుకు సరిగా పోదు. పొడిని నోటితో ఊదొద్దు, బోర్డును బయటికి తీసుకెళ్లి వెనక నుంచి తట్టండి. మన ఎండల్లో చేతి చెమటకు బొగ్గు అంటుకుంటుంది, అరచేతి కింద చిత్తుకాగితం పెట్టుకోవాలి. ఫిక్సేటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) ఆరుబయటే, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, పల్చగా రెండుసార్లు కొట్టాలి. ఒకేసారి తడిసేలా కొడితే మరకలు కడుతుంది.

రంగులు ఎప్పుడని పిల్లలు రెండో వారం నుంచే అడుగుతారు. సెమిస్టర్ చివరి మూడు వారాల్లో ఇవ్వండి, అదీ బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు), తెలుపు రెండే. అయిదు గళ్లలో నేర్చిన తేడాలే ఇప్పుడు కుంచెతో కలపాలి. యాక్రిలిక్ మన వేడికి ప్లేటు మీదే నిమిషాల్లో ఆరిపోతుంది. శనగగింజంత తీసుకోండి, పక్కన నీళ్ల స్ప్రే ఉంచుకోండి, కుంచెను మాత్రం రంగు ఆరకముందే కడిగేయండి.