‘12 యాంగ్రీ మెన్’ రివ్యూ: కళ్ళజోడు సీన్ కాదు, చెమట సీన్ చూడండి

హాయ్ అండీ, నమస్తే! ముందే చెప్పేస్తున్నా, ఒక ప్రొజెక్టర్ కంపెనీ వాళ్ళు ఈ పీస్ ఫ్రీగా పంపించారు, ఏదైనా పాత క్లాసిక్ వేసి చూసి చెప్పమన్నారు. ల్యూమెన్స్, రిజల్యూషన్ అవన్నీ ఈపాటికి మీరు వేరే వీడియోల్లో చూసేసుంటారు, వదిలేద్దాం. నేను వేసింది 1957లో సిడ్నీ ల్యూమెట్ తీసిన ‘12 యాంగ్రీ మెన్’. ఒక హత్య కేసులో కుర్రాడు దోషా కాదా తేల్చాల్సిన పన్నెండు మంది జ్యూరర్లు, అంటే తీర్పు చెప్పడానికి పిలిచిన మామూలు జనం, దాదాపు సినిమా అంతా ఒకే గదిలో మాటలే. ఇక ప్రొజెక్టర్ సంగతి అంటే, ఫ్యాన్ రొద! తెర మీద వాళ్ళేమో రైలు మోతలో ముసలాయనకి కుర్రాడి కేక ఎలా వినబడింది అని కొట్టుకుంటున్నారు, నాకేమో ఈ ఫ్యాన్ మోతలో వాళ్ళ కొట్లాటే వినబడట్లేదు. చివరికి బ్లూటూత్ స్పీకర్ తగిలించాల్సొచ్చింది.

కథ తెలిసిందే. తండ్రిని పొడిచి చంపాడని కొడుకు మీద కేసు, దోషి అని తేలితే ఎలక్ట్రిక్ చెయిర్. మన కోర్టు సీన్లలో సాక్షి అంటే డబ్బుకి అమ్ముడుపోయినవాడైనా అయ్యుండాలి, ఆఖరి నిమిషంలో ఊడిపడ్డ దేవుడైనా అయ్యుండాలి. ఇక్కడ ఇద్దరు సాక్షులున్నారు, ఇద్దరూ ఈ రెండు రకాలూ కాదు. కింది ఇంటి ముసలాయన పదిహేను సెకన్లలో తలుపు దగ్గరికి వెళ్ళి కుర్రాణ్ణి చూశానంటాడు. కుర్రాడి దోషం మీద అనుమానం లేవనెత్తే జ్యూరర్ హెన్రీ ఫోండా ఆ ముసలాయనలాగే కుంటుతూ నడిచి చూపిస్తే 41 సెకన్లు పట్టింది.

ఇక అందరూ పొగిడే కళ్ళజోడు సీన్. పక్క మీద నుంచే హత్య చూశానన్న ఎదురింటావిడ ముక్కుకి రెండు పక్కలా నొక్కులున్నాయి, అంటే జోడు పెట్టుకుంటుంది, పక్క మీద జోడు ఎవరు పెట్టుకుంటారు, కాబట్టి చూసుండదు. నేనూ సోడాబుడ్డి బ్యాచే, లేవగానే తలగడ పక్కన తడుముకునే రకం, కాబట్టి ఒప్పుకుంటా. కానీ ఆవిడకి పవర్ ఎంతో ఎవరికైనా తెలుసా? అది చదువుకునే జోడు కాదని గ్యారంటీ ఏంటి? ఇంకో చిరాకు ఏంటంటే, చూపు ఆనదు కాబట్టి నమ్మొద్దు అంటే, చూపు బాగుంటే నమ్మెయ్యొచ్చనేగా అర్థం! అసలు పేచీ అంతా చూపు బాగున్నవాళ్ళతోనే కదండీ.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అని ఇద్దరు సైకాలజిస్టులు కొంతమందికి కార్ల యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించారు. కొందరిని కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయని అడిగారు, ఇంకొందరిని నుజ్జునుజ్జు అయినప్పుడు ఎంత స్పీడు అని అడిగారు. వారం పోయాక పిలిచి, పగిలిన అద్దం చూశారా అంటే, ‘నుజ్జు’ ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ‘గుద్దుకున్న’ బ్యాచ్‌లో 7 మంది. ఫిల్మ్‌లో అసలు అద్దమే పగల్లేదు! వీళ్ళలో ఎవరూ డబ్బు తిని చెప్పలేదు. మరి సినిమాలో సాక్షుల్ని పోలీసోళ్ళు మొదట ఏ మాటతో అడిగారో ఎవరు చూశారు?

అందుకే నాకు నాలుగో జ్యూరర్ సీన్ ఇష్టం. ఆయన ఇ.జి. మార్షల్, అంత ఉక్కలో కూడా కోటు విప్పడు. మీకసలు చెమటే పట్టదా అంటే, పట్టదు అంటాడు. ఆ రాత్రి చూసిన సినిమా పేరు కుర్రాడు చెప్పలేకపోయాడు కాబట్టి అబద్ధం, అని ఆయన వాదన. ఫోండా మెల్లగా మొదలెడతాడు. నిన్న రాత్రి ఏం చేశారు? అంతకుముందు రాత్రి? ఇంకా ముందు? సినిమాకెళ్ళాం. ఏ సినిమా? రెండో సినిమా పేరు తప్పు చెప్తాడు, పక్కాయన సరిచేస్తాడు. యాక్టర్ల పేర్లు నోటికి రావు. నుదుటి మీద చెమట, రుమాలు తీసి తుడుచుకుంటాడు. నేనైతే వెనక్కి తిప్పి తిప్పి చూశా. కుర్రాణ్ణి పోలీసులు అడిగింది తండ్రి శవం పక్క గదిలో ఉండగా, ఈ జ్యూరరేమో తాపీగా కుర్చీలో కూర్చుని చెప్తున్నాడు!

బాసు ఛటర్జీ 1986లో దీన్నే హిందీలో ‘ఏక్ రుకా హువా ఫైస్లా’గా తీశారు. నేను ముందు చూసింది అదే, అదీ బాగుంటుంది.

సినిమాకి ఐదుకి నాలుగున్నర, ఆ అర కళ్ళజోడు ఖాతాలో కోసేశా. ప్రొజెక్టర్ మాత్రం ఫైట్లు, పాటలు ఉన్న సినిమాలకైతే పర్లేదు, ఇలాంటి మాటల సినిమాలకి వద్దండీ. లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టమన్నారు, పెట్టాను.