పుట్టుకతో వచ్చిన బుద్ధి నిజంగా పోదా?

[గండిపేట కట్ట మీద నిలబడి]

నమస్తే అండీ. మొన్న మా బంధువుల ఇంట్లో ఆరేళ్ల పిల్లాడు చెల్లెల్ని కొట్టాడు. వాళ్ల నానమ్మ వెంటనే, "వీడి బుద్ధే అంత. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనేసింది. వాడు పక్కనే నిలబడి అంతా వింటున్నాడు. ఆ సామెత విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆరేళ్లకే తీర్పు చెప్పేస్తే, మిగతా అరవై ఏళ్లు వాడు ఎందుకు ప్రయత్నించాలి?

స్వభావం అనేది లేదని నేను అనడం లేదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే దూకుడుగా ఉంటారు, ఇద్దరు పిల్లలున్న ఏ తల్లినడిగినా చెబుతుంది. అయితే స్వభావం వేరు, నడవడి వేరు. ఈ తేడా చెప్పడానికే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాను.

1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు ఊరి పెద్దలు "మూసీ బుద్ధే అంత" అని ఊరుకుని ఉంటే? ఊరుకోలేదు. మరుసటి ఏడాది ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920 నాటికి మూసీ మీద ఈ ఉస్మాన్ సాగర్, అంటే మనం నిలబడ్డ ఈ గండిపేట జలాశయం, 1927 నాటికి మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నది స్వభావం మారలేదు, వాన పడితే ఇప్పటికీ ఉరుకుతుంది. కానీ ఊరిని ముంచిన ఆ నీళ్లనే తర్వాత ఊరంతా తాగింది. కోపిష్టి పిల్లాడిలోని ఆ ఉరుకు కూడా అలాంటిదే. అన్యాయం చూస్తే ఊరుకోలేనివాడు అందులోంచే తయారవుతాడు. నాకు తెలిసిన మంచి మనుషుల్లో సగం మంది చిన్నప్పుడు అల్లరిపిడుగులే.

[గేట్ల వైపు చూపిస్తూ]

ఇప్పుడు ఈ గేట్లు చూడండి. ఇక్కడ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు. అంతవరకూ నిండే దాకా ఆగి గేట్లు ఎత్తరు. పైనుంచి వచ్చే వరదను చూసి ముందే కొంచెం కొంచెంగా వదులుతారు. మనం మాత్రం "ఒక్కసారిగా కోపం వచ్చేసింది" అంటాం. ఒక్కసారిగా ఏమీ రాదండీ. పొద్దున నిద్ర చాలలేదు, మెహదీపట్నంలో గంట ట్రాఫిక్, ఆఫీసులో ఒక మాట పడ్డాం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మట్టం నిండిపోయి ఉంటుంది. గేటు తెరుచుకునేది దిగువన ఉన్న పిల్లల మీద.

ఇంకో మాట. హడావుడి మనల్ని ఎంత మార్చేస్తుందో 1973లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తీరిక ఉన్నవాళ్లలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైందని తొందర పెట్టినవాళ్లలో ఆగింది నూటికి 10 మందే. వెళ్తున్నవాళ్లలో కొందరు చెప్పబోయే ఉపన్యాసం దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన మనిషి కథ మీదే!

దీన్ని చూసి "శీలం అంతా ఉత్తదే, అంతా పరిస్థితుల ప్రభావం" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పోయిన వానాకాలం లంగర్‌హౌజ్ దగ్గర ఒక పెద్దాయన స్కూటీ జారి పడ్డాడు. టైమ్ అయిపోతోందని నేను ఆగకుండా వెళ్లిపోయాను. ఆయన ముఖం ఇంకా కళ్ల ముందే ఉంది. పరిస్థితి అనుకుని వదిలేయడానికి మనసు ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆలస్యంగా బయల్దేరింది నేనే. ఇప్పుడు ఇరవై నిమిషాలు ముందు బయల్దేరుతున్నాను. నా వరకు ఇదే గేటు ముందే ఎత్తడం.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. కట్ట ఒక్క రోజులో లేవదు. అరిస్టాటిల్ అన్నది కూడా ఇదే: ఇళ్లు కడుతూ కడుతూనే మేస్త్రీ అవుతాడు, ధైర్యమైన పనులు చేస్తూ చేస్తూనే ధైర్యవంతుడవుతాడు. రెండోది, కట్ట ఎంత గట్టిదైనా ఎగువ పాడైతే లాభం లేదు. ఈ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో తెచ్చింది అందుకే. మన స్నేహాలు, రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో చూసేవి, ఇవన్నీ మన ఎగువ ప్రాంతమే.

ఆ పిల్లాడి సంగతి చెప్పి ఆపేస్తాను. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పొద్దున స్కూల్లో ఏమైంది నాన్నా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: బస్సులో పెద్ద పిల్లలు వాడి టిఫిన్ డబ్బా లాక్కున్నారట.