సగటు జీతం చూపెట్టి తక్కువ ఇస్తే ఊకోవాల్నా?

యాంకర్: హలో, నమస్తే, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నరు?

కాలర్: నమస్తే మేడం, వరంగల్ కాశిబుగ్గ నుంచి. బట్టల షాపుల సేల్స్‌ల పనిచేస్త. మొన్న అందరం కలిసి జీతం పెంచమంటే సేటు కాగితం చూపెట్టిండు, షాపుల సగటు జీతం 16,200 ఉన్నది మీకింకేం తక్కువ అంటుండు, నా చేతికొచ్చేది 9,000 సార్.

సలహాదారు: ఎంతమంది పనిచేస్తరమ్మా?

కాలర్: పదిమందిమి. మేం ఎనిమిది మందికి తొమ్మిదేసి వేలు, అకౌంట్స్ సారుకు 30,000, మేనేజరు సేటు బామ్మర్ది, ఆయనకు 60,000.

సలహాదారు: అగో, అన్నీ కలిపి పదితోటి భాగిస్తే 16,200 వస్తది, లెక్క తప్పు కాదు గని ఆ జీతం మీ షాపుల ఒక్కలకన్న ఉన్నదా? రేపు బామ్మర్దికి ఇంకో 20,000 పెంచిండనుకోండ్రి, సగటు 18,200 అయితది, మీకు రూపాయి పెరగది. అందర్ని జీతం ప్రకారం లైన్ల నిలబెట్టి నడుమ ఉన్నోళ్లకు ఎంతొస్తుందో చూడాలె, బడిల మధ్యగతం అని చెప్తరు చూడండ్రి అది, మీ షాపుల అది 9,000.

కాలర్: ఐతే కనీస వేతనం సగటును బట్టి కట్టరా సార్?

సలహాదారు: కట్టరమ్మా. 1957ల భారత కార్మిక సదస్సు ఇంటికి ఏం కావాల్నో చూసింది, పెద్దోళ్లకు ఒక్కొక్కలకు రోజుకు 2,700 క్యాలరీల తిండి, ఇంటిల్లిపాదికి ఏడాదికి 72 గజాల బట్ట, కిరాయి, పొయ్యి, కరెంటు. పిల్లల చదువు, మందులు గూడ కలపాలని తర్వాత సుప్రీంకోర్టు చెప్పింది. కనీస వేతనం మనిషి మనిషికి రావాలె, తక్కువకు ఒప్పుకొని సంతకం పెట్టినా అది చెల్లది. ఢిల్లీల ఏషియాడ్, అంటే ఆసియా ఆటల పోటీల కోసం పనిచేసిన కూలీల కేసుల 1982ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే కనీస వేతనం కన్న తక్కువిచ్చి చేయించుకుంటే అది వెట్టే అన్నది. వెట్టి అంటే ఏందో మన తెలంగాణల ఒకలు చెప్పాల్నా అమ్మా!

కాలర్: పెంచితే ఇద్దర్ని తీసేస్త అంటుండు.

సలహాదారు: ఆ మాట అమెరికాల గూడ అన్నరు. 1992ల న్యూజెర్సీ రాష్ట్రంల కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచితే, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పక్కనున్న పెన్సిల్వేనియాతోటి పోల్చి చూసి పనులు పోలేదన్నరు, కాదన్నోళ్లు గూడ ఉన్నరు, ఆ కొట్లాట ఇప్పటికీ ఒడువలే. మరీ చిన్న కొట్టుకైతే భారమే, గని మేనేజరుకు 60,000 ఇచ్చే షాపు ఆ మాటంటే నేనొప్పుకోను.

యాంకర్: మరిప్పుడేం చెయ్యాలె సార్?

సలహాదారు: ముందు లేబర్ ఆఫీసుల మీ పనికి ఇప్పటి రేటు ఎంతో అడగండ్రి, కరువు భత్యం ఏప్రిల్, అక్టోబర్‌ల మారుతది కాబట్టి పాతది నమ్మొద్దు. ఏ రోజు ఎన్ని గంటలు చేసిన్రో, ఎంత చేతికొచ్చిందో రాసి పెట్టుకోండ్రి, బ్యాంకు మెసేజ్‌లు తీసెయ్యకండ్రి. వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమలైంది, తక్కువిచ్చిన జీతం బాకీకి మూడేండ్ల దాక క్లెయిమ్ వేసుకోవచ్చు.

కాలర్: నేనొక్కదాన్నే పోతే పని పోతది సార్.

సలహాదారు: ఒక్కలే పోకండ్రి, ఎనిమిది మంది కలిసే పోండ్రి. రిజిస్టరైన యూనియన్‌ల చేరితే మీ తరఫున వాళ్లే దరఖాస్తు పెట్టొచ్చు.

యాంకర్: సరేనమ్మా, లైన్ల జమ్మికుంట నుంచి ఇంకో కాలర్ ఉన్నరు... హలో?