ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి
(గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చోమంటే వెనక్కి వెళ్ళి కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఎండల్లో శాలువా ఎందుకని అడగను.

'జానపద విశ్వాసాలు - శాస్త్రీయ దృక్పథం' అని కార్డులో వేశారు. 31 ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని కాబట్టి దిష్టిని దులిపేస్తానని అనుకుని ఉంటారు. సరే, ఆ పని ముందు కానిస్తాను. ఎర్రనీళ్ళు ఎందుకు ఎర్రగా ఉంటాయి? పసుపులో కుర్కుమిన్ ఉంది, సున్నం క్షారం. రెండూ కలిస్తే ఎరుపు. నిమ్మకాయ పిండండి, మళ్ళీ పసుపే. ఏటా క్లాసులో చేసి చూపించేదాన్ని. ఒకసారి ఒక పిల్ల లేచి, "టీచర్, ఈ నీళ్ళు ఎక్కడ పారబోయాలి? ఎవరూ తొక్కకూడదు కదా" అంది. నవ్వాను. కానీ చెట్టు మొదట్లోనే పోయించాను.

మిరపకాయల సంగతీ అంతే. ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తే, ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు. మా అమ్మ ఘాటొచ్చినా "కాస్త తగిలిందిలే" అనేది. అలాంటి పరీక్షలో తప్పేవాళ్ళెవరు?

అయిపోయింది దులపడం. గేటుకి మీరు కట్టిన బూడిద గుమ్మడికాయ చూశాను, తీసేయమనను. దిష్టి తగిలేంతమంది లైబ్రరీకి వస్తున్నారంటే మంచిదే.

నేను చెప్పాలనుకున్నది వేరు. మనం దిష్టి తీస్తూ ఏమంటాం? "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అమ్మ దిష్టి, నాన్న దిష్టి, నా దిష్టి..." ఎవరినీ వదలం. తీసే మనిషి తననీ కలుపుకుంటుంది. ఇది మన ఒక్కరి ఊహే కాదు. సుమారు 1900 ఏళ్ళ కిందటి గ్రీకు రచయిత ప్లూటార్క్ కూడా, కొందరు తండ్రుల కన్ను మంచిది కాదని తల్లులు బిడ్డల్ని వాళ్ళకి చూపించరని రాశాడు. అంటే నోటి లెక్కలో అందరూ సమానమే. కానీ పిల్లాడు పాలు కక్కాక ఏమంటాం? "ఇందాక మీ అత్తయ్య చూసిందిగా!" "వాళ్ళ నాన్న చూశాడుగా" అని మా ఇంట్లో ఒక్కసారైనా అనగా వినలేదు. మీ ఇళ్ళలో విన్నారా? చేతులెత్తండి. ఎవరూ లేరా, సరే.

మా మేనత్తకి పిల్లల్లేరు. మామయ్య చిన్నతనంలోనే పోయాడు. ఆవిడ వస్తోందంటే ఉయ్యాల మీద గుడ్డ పడేది. అన్నం తినే పిల్లల కంచాలు లోపలికి వెళ్ళేవి. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రాయి గుర్తుకు రాదు. ఆ కళ్ళున్న మనిషి గుర్తొస్తుంది.

తాయెత్తుల గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. రాగిరేకు మీద యంత్రం గీసి గొట్టంలో చుట్టిపెట్టడం, దర్గాలో ఊది కట్టిన తాయెత్తు హిందువుల పిల్లల మెడల్లోనూ ఉండటం... కార్యదర్శిగారు చీటీ పంపారు, టైమ్ అయిందట. అవి వదిలేస్తాను. తల్లులకి మాత్రం ఒక మాట. పసిపిల్లలకి మెడలో తాడు కట్టకండి, నిద్రలో బిగుసుకుంటుంది. కళ్ళలో కాటుక, సుర్మా వద్దు, కొన్నిట్లో సీసం ఉంటుంది. చుక్క పెట్టకపోతే మనసు ఒప్పదంటే అరికాల్లో పెట్టుకోండి. నేనూ అక్కడే పెట్టాను.

అదొక్కటీ చెప్పి దిగిపోతాను. 1984లో మా వాడి బారసాల. అప్పటికి నేను బీఎస్సీ, బీఈడీ చదివి ఉద్యోగంలో ఉన్నాను. సావిట్లో మా మేనత్త గొంతు వినపడింది. నా చెయ్యి దానంతటదే కొంగు లాగి పిల్లాడి మొహం మీద కప్పింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కసరలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. కొంగుముడి విప్పి నల్లతాడు తీసి, నా చేతిలో పెట్టింది.

"ముందు ఇది కాలికి కట్టమ్మా. తర్వాత చూస్తాను."

కట్టాను. కొంగు కూడా తీశాను. "ఇప్పుడు చూడత్తయ్యా" అన్నాను. ఆవిడ దగ్గరకొచ్చి వంగింది. మొహం వైపు చూడలేదు. అరికాలి చుక్కనే చూస్తూ నిలబడింది.