తవుడు నీళ్ల పులుపు: రొమేనియా ఇంటి చారు

అందరికీ నమస్కారం.

రొమేనియా ఇంటి వంట అర్థం కావాలంటే ముందు దాని పులుపు తెలియాలి. అక్కడి భోజనంలో ‘చోర్బ’ అనే పుల్లటి చారుది పెద్దపీట. ఆ పేరు టర్కీ భాష నుంచి వచ్చింది. పులుపు మాత్రం, ముఖ్యంగా దేశానికి తూర్పున ఉన్న మొల్దోవా ప్రాంతంలో, ‘బోర్ష్’ది. ఉక్రెయిన్‌లో ఈ పేరు వినగానే ఎర్రటి బీట్‌రూట్ సూప్ గుర్తొస్తుంది. రొమేనియాలో బోర్ష్ అంటే గోధుమ తవుడు పులియబెట్టి తీసిన తేట. మన తరవాణి ఎరిగినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఐదు లీటర్ల జాడీకి అరకిలో గోధుమ తవుడు, రెండు గుప్పెళ్ల మొక్కజొన్న పిండి సరిపోతాయి. మరిగిన నీళ్లు పోసి, ఉండలు కట్టకుండా చెక్క గరిటెతో కలపాలి. గోరువెచ్చగా అయ్యాకే ‘హుష్తె’ వేయాలి. హుష్తె అంటే పోయినసారి బోర్ష్ వడకట్టగా మిగిలిన పులిసిన తవుడు. పెరుగుకు తోడు ఎలాగో దీనికి ఇది అలాగ. తొందరపడి వేడి నీళ్లలో వేస్తే తోడు చచ్చిపోతుంది, ఇక పులవదు. పుల్ల చెర్రీ కొమ్మ ఒకటి కూడా వేయడం అక్కడి ఆనవాయితీ. గుడ్డ కట్టి వెచ్చని చోట ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు కలపాలి. తోడు బాగుంటే ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది. తోడు లేకపోతే రొట్టె అంచు ముక్క వేస్తారు, అప్పుడు ఇంకాస్త ఆలస్యమవుతుంది. వాసన శుభ్రంగా, పుల్లగా ఉండాలి. బూజు పట్టినా, కుళ్లు వాసన వచ్చినా మొత్తం పారబోయాల్సిందే. జాడీ మట్టిదో గాజుదో కావాలి. అల్యూమినియం పనికిరాదు, పులుపు దాన్ని తింటుంది.

ఇక చారు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. క్యారెట్, ఉల్లి, బంగాళాదుంప మెత్తగా ఉడికాకే బోర్ష్ పోయాలి. పులుపు ముందే పడితే దుంప ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది. బోర్ష్‌ను విడిగా ఒక పొంగు రానిచ్చి, నురగ తీసి పోస్తే చారు తేటగా ఉంటుంది. మూడు లీటర్ల చారుకు దాదాపు లీటరు పడుతుంది. అయితే ప్రతి జాడీ పులుపూ వేరు కాబట్టి కొలతకన్నా నాలుకనే నమ్మాలి. పొయ్యి ఆర్పాక ‘లెవుష్త్యాన్’ ఆకు తరిగి చల్లాలి. ఘాటైన సెలెరీ వాసన ఉండే ఈ ఆకు లేనిదే బోర్ష్ చారుకు నిండుదనం రాదు.

ఈ పులుపు అంత గట్టిగా నిలవడానికి ఆర్థడాక్స్ చర్చి ఉపవాసాలూ ఒక కారణం. బుధ, శుక్రవారాల్లో, ఈస్టర్‌కు ముందు వారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అప్పుడు చిక్కుడు గింజల చోర్బకు రుచి నిలిపేది బోర్షే. ట్రాన్సిల్వేనియాలో వెనిగర్, మీగడ ఎక్కువ. ఇంకొన్ని చోట్ల ఊరవేసిన క్యాబేజీ నీళ్లు, పచ్చి రేగుపండ్లలాంటి చిన్న ప్లమ్ కాయలు వాడతారు.

పక్కన మమలిగ, అంటే మొక్కజొన్న సంకటి. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న రాకముందు దీన్ని చిరుధాన్యాలతో వండేవారు. గట్టిగా వండి, చెక్క పలక మీద బోర్లించి, కత్తికి బదులు దారంతో కోస్తారు. ముక్క అంటుకోకుండా శుభ్రంగా తెగుతుంది.