మరన్యోన్ తీరానికి వెళ్లే ముందు

(పెరూ అమెజాన్ అడవిలోని ఒక నదీతీర గ్రామానికి స్వచ్ఛంద సేవకు వెళ్లనున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీరు వెళ్లబోయే ఊరికి రోడ్డు లేదు. ఆ మాటకొస్తే ఆ ప్రాంతానికంతటికీ పెద్ద నగరమైన ఇకితోస్‌కే మిగతా దేశం నుంచి రోడ్డు లేదు. లక్షల మంది కాపురముంటున్న ఆ నగరానికి విమానంలో దిగాలి. లేదంటే యురిమాగువాస్ నుంచో పుకాయ్‌పా నుంచో లాంచీ ఎక్కి, తాళ్ల ఊయలలో పడుకుని, రోజుల తరబడి ప్రయాణించాలి. ఇకితోస్ నుంచి బయటకు సాగే రోడ్డు ఒకటుంది. అది సుమారు వంద కిలోమీటర్లు వెళ్లి నౌతా పట్టణం దగ్గర, మరన్యోన్ నది ఒడ్డున ఆగిపోతుంది. నౌతాకు కాస్త దిగువన మరన్యోన్, ఉకయాలి నదులు కలుస్తాయి. అమెజాన్ అన్న పేరు పెరూలో అక్కడి నుంచే మొదలవుతుంది. మనం వెళ్లేది అటు కాదు, మరన్యోన్ వెంట ఎగువకు. అక్కడ పిల్లలు బడికి వెళ్లాలన్నా, నెలలు నిండిన తల్లిని ఆసుపత్రికి చేర్చాలన్నా, అరటిగెలలు సంతకు తేవాలన్నా పడవే దిక్కు. పొడవాటి ఇరుసు చివర చిన్న పంకా ఉండే మోటారు బిగించిన ఆ పడవల్ని పెకే-పెకే అంటారు.

ఇదంతా సాహసయాత్రకు ముందుమాటలా వినకండి. ఆ దూరంలో మీరు గ్రహించవలసిన సంగతి ఒకటుంది. అంత దూరం చేరే ప్రతి మనిషీ ఆ ఊరికి ఒక ఖర్చు. మీరు పడుకునే చోటు ఒకరు ఖాళీ చేసి ఇస్తారు. మీకు వండిపెట్టే ఇల్లాలు ఆ పూట చేను మానుకుంటుంది. మిమ్మల్ని దించడానికి వచ్చే పడవ ఆ రోజు చేపలకు పోదు. కాబట్టి మనం ఇచ్చేదానికంటే ముందు తీసుకుంటాం. ఈ లెక్క మనసులో ఉంచుకునే వెళ్లాలి. ఊరు అడిగిన పని మాత్రమే చేయాలి, నది వీలిచ్చిన వేళకు చేయాలి, ఆ ఊరివాళ్ల అజమాయిషీ కింద చేయాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు నది సంగతి. ఇకితోస్ వద్ద నీటిమట్టం ఏటా సుమారు 10 మీటర్ల వరకు పెరిగి తగ్గుతుంది. అంటే మూడంతస్తుల మేడంత ఎత్తు. ఏప్రిల్, మే నెలల్లో నది నిండుగా ఉంటుంది, సెప్టెంబరు నాటికి బాగా తగ్గిపోతుంది. అందుకే ఇళ్లన్నీ గుంజల మీద నిలబెడతారు. పోనా అనే తాటిజాతి మాను చీల్చి నేలగా పరుస్తారు, ఇరపాయ్ ఆకులు అల్లి కప్పు వేస్తారు. మీరు వెళ్లే నెలలో పిల్లలు బంతాట ఆడే మైదానంలో, వరద నెలల్లో పడవలు తిరుగుతాయి. నీరు తీసిన బురదనేల మీద దున్నకుండానే వరి చల్లుతారు, నది మళ్లీ పెరగకముందే కోసుకుంటారు. కాస్త మెరక మీద కర్రపెండలం, అరటి. నది నిండుగా ఉన్నప్పుడు చేపలకు కొదవ ఉండదనుకుంటాం. కానీ అప్పుడే చేప దొరకడం కష్టం. నీటిలో మునిగిన అడవిలోకి చేపలు చెదిరిపోతాయి. గమితానా లాంటి పెద్ద చేపలు చెట్ల నుంచి రాలిన పండ్లు తింటూ లోలోపలికి వెళ్లిపోతాయి. నది తగ్గేటప్పుడు అవి తిరిగి కాలువల్లోకి వస్తాయి. అప్పుడు ఊరంతా వలల మీదే ఉంటుంది. ఆ రోజుల్లో మనం వెళ్లి, ఉదయం తొమ్మిదింటికి అందరూ సమావేశానికి రావాలని పిలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నది పెరిగి తగ్గే ఈ లెక్క కూడా ఈమధ్య తప్పుతోంది. 2012లో, ఇకితోస్, నౌతాలున్న లొరేతో ప్రాంతాన్ని ముంచెత్తిన వరదను అక్కడివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. 2024లో అందుకు పూర్తిగా విరుద్ధంగా, అమెజాన్ పరీవాహకమంతటా తీవ్రమైన కరువు వచ్చింది. నదులు సన్నబడి ఎన్నో ఊళ్లకు పడవలు చేరలేకపోయాయి.

ఇప్పుడు మన పని గురించి. బడి పక్కన వాననీటి ట్యాంకు కట్టి ఇవ్వమని ఊరు అడిగింది. చుట్టూ ప్రపంచంలోకెల్లా పెద్ద నదీవ్యవస్థ ఉంటే వాననీటి ట్యాంకు దేనికని మీలో ఒకరు నన్నడిగారు. అడగవలసిన ప్రశ్నే. మరన్యోన్ ఆండీస్ పర్వతాల నుంచి ఒండ్రు మోసుకొస్తుంది. బిందెడు నీళ్లు ముంచితే పాల టీ రంగులో ఉంటాయి. పటిక వేసి తేరనిచ్చి, పైనీటిని వేరే బకెట్‌లోకి వంచి, క్లోరిన్ చుక్కలు వేసుకుని తాగుతారు. నీరు సరిగా తేరకపోతే క్లోరిన్ శక్తంతా ఆ మట్టి మీదే ఖర్చయిపోతుంది, క్రిములు మిగిలిపోతాయి. ముందు పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. పైగా ఈ నది వెంట చమురు బెడద ఉంది. 2014లో ఉత్తర పెరూ చమురు పైపులైను కునినికో అనే కుకామా ఆదివాసుల గ్రామం దగ్గర చిట్లి చమురు నీటిలో కలిసింది. చేపలు చచ్చాయి, పట్టిన చేపను కొనేవాళ్లు లేకపోయారు. పటిక, క్లోరిన్ చమురును ఏమీ చేయలేవు.

వాన మాత్రం అక్కడ ధారాళం. ఏడాదికి 2,500 మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు వస్తుంది. 20 చదరపు మీటర్ల రేకుల కప్పు ఉంటే ఏడాదికి సుమారు 50,000 లీటర్లు. చిందిపోయేది, పొంగిపోయేది పోగా కూడా బడి పిల్లలు తాగడానికి సరిపోతుంది. అయితే ఆకుల కప్పు మీద పడిన నీరు తాగడానికి పనికిరాదు, రేకు కావాలి. రేకు ఎండకు కాలుతుంది, వానకు చెవులు హోరెత్తిస్తుంది. అందుకే ఊరివాళ్లు తమ ఇళ్లకు అడగలేదు, బడి కప్పుకు అడిగారు. ఎంత ఆలోచించి అడిగారో గమనించండి.

నాకు కళ్లకు కట్టినట్టు గుర్తున్న దృశ్యం ఒకటి చెబుతాను. అదే నది మీద మరో ఊళ్లో, ట్యాంకు నిలబెట్టే వేదిక ఎంత ఎత్తు ఉండాలన్న చర్చ జరుగుతోంది. మా జట్టులోని ఇంజినీరు కాగితం మీద లెక్క వేస్తున్నాడు. ఒక ముసలావిడ మాటామంతీ లేకుండా లేచి, ఇంటి గుంజ దగ్గరికి వెళ్లి, తన భుజానికి కాస్త పైన అరచేయి ఆనించింది. అక్కడ మానుకు సన్నని బూడిదరంగు చార ఉంది. అది కిందటి ఏడాది వరద. ఆ తర్వాత మునివేళ్ల మీద లేచి మరో జానెడు పైన చూపించింది. అది 2012. వేదిక ఎత్తు అక్కడికక్కడే తేలిపోయింది. అయితే అంత ఎత్తున ట్యాంకు పెడితే కుళాయి చిన్నపిల్లలకు అందదు కదా? దానికీ ఆవిడే జవాబు చెప్పింది. కుళాయికి గొట్టం పెట్టి కిందికి దించండి, వరద వచ్చినప్పుడు ఊడదీసి పైన కట్టుకుంటామంది.

ఇలాంటి ట్యాంకుల్లో మొదట పాడయ్యేది ట్యాంకు కాదు, కుళాయి. మర అరిగి కారడం మొదలవుతుంది. మీరు ఇక్కడి నుంచి ఎంత ఖరీదైన కుళాయి తీసుకెళ్లినా, దానికి సరిపడే మర నౌతా బజారులో దొరకకపోతే ఆరు నెలల్లో ట్యాంకు ఖాళీ డబ్బా అవుతుంది. అందుకే ప్రతి గొట్టం, ప్రతి వాషరు నౌతాలోనే కొంటాం, ఊరి నీటి సంఘం వాళ్లను వెంటబెట్టుకుని కొంటాం. బిల్లు వాళ్ల దగ్గరే ఉంటుంది. తొలి జల్లులో కొట్టుకొచ్చే మురికిని పక్కకు వదిలే గొట్టం బిగించడం, మూతకు దోమతెర కట్టడం మరవకూడదు. లొరేతోలో డెంగీ ఉంది, మూత లేని మంచినీటి ట్యాంకు ఆ దోమకు పుట్టిల్లు.

వైద్య విద్యార్థులకు ఒక మాట, కాస్త గట్టిగానే చెబుతాను. ఇక్కడ మీకు చేసే అర్హత లేని పని అక్కడా చేయకూడదు. పట్టా లేనివాళ్లు సూది వేయడానికి అడవి మినహాయింపు కాదు. పెరూలో నమోదయ్యే మలేరియాలో అత్యధిక భాగం లొరేతోదే. అందులోనూ వైవాక్స్ రకం ఎక్కువ. జ్వరం తగ్గినా ఆ పరాన్నజీవి కాలేయంలో దాగి ఉండి వారాలకో నెలలకో తిరగబెడుతుంది. దాన్ని అక్కడి నుంచి తరమడానికి ప్రిమాక్విన్ పూర్తిగా వాడాలి. ఒంట్లో జీ6పీడీ అనే ఎంజైము లోపించినవారికి ఆ మందు ప్రమాదకరం. బయటి నుంచి వచ్చిన జట్టు నాలుగు మాత్రలు పంచి వెళ్లిపోతే ఆ తర్వాత చూసేదెవరు? ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఉంటారు. రక్తపు చుక్క అద్దం మీద తీసి పరీక్షకు పంపేది, మందు చివరి రోజు దాకా వేసుకున్నారో లేదో ఇంటింటికీ తిరిగి చూసేది ఆ మనిషే. మీ పని ఆ కార్యకర్త వెంట నడవడం, చెప్పింది చేయడం, పుస్తకాల్లో లేనిది నేర్చుకోవడం. ఇక మీ ఆరోగ్యం సంగతి: పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. దగ్గూ జలుబూ ఉన్నవారు నౌతాలో ఆగిపోవాలి. ఇందులో బేరాల్లేవు.

బయటివాళ్లంటే అక్కడ పాత జ్ఞాపకాలున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రబ్బరుకు గిరాకీ పెరిగి, వ్యాపారులు ఈ నదుల మీదుగా వచ్చారు. ముందు కత్తులు, బట్టలు అప్పుగా ఇచ్చారు. తీరని ఆ అప్పు కింద మనుషుల్ని రబ్బరు పాలు తీయడానికి కట్టేసుకున్నారు. పుతుమాయో నది వెంట రబ్బరు వ్యాపారి హులియో సెసార్ అరానా కంపెనీ వితోతో, బోరా తదితర జాతుల మీద సాగించిన ఘోరాలను బ్రిటిష్ కాన్సుల్ రోజర్ కేస్‌మెంట్ 1910లో వెళ్లి విచారించాడు. ఆ నివేదిక 1912లో అచ్చయింది. మీరు నది పక్కన నడుస్తూ చాక్లెట్లు పంచిపెట్టాలనుకున్నప్పుడు ఈ చరిత్రను గుర్తుచేసుకోండి. అడగకుండా ఇచ్చిన కానుకను అనుమానంగా చూసే హక్కు వాళ్లకుంది.

వాళ్లను నిస్సహాయులుగా మాత్రం ఊహించుకోవద్దు. కుకామా మహిళల సమాఖ్య, వాయ్‌నకానా కమతవారా కానా, మరన్యోన్ నది తరఫున కోర్టుకెక్కింది. 2024 మార్చిలో నౌతా న్యాయస్థానం ఆ నదికి హక్కులున్నాయని తీర్పు ఇచ్చింది. అడ్డులేకుండా పారే హక్కు, కలుషితం కాకుండా ఉండే హక్కు. ఆ పోరాటానికి నాయకత్వం వహించిన మారి లుస్ కనకీరి 2025లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం అందుకున్నారు. నది అడుగున ఊళ్లున్నాయని, మునిగిపోయిన తమవాళ్లు అక్కడ బతికే ఉన్నారని కుకామా ప్రజలు నమ్ముతారు. ఆ నదిలో చమురు కలిస్తే వాళ్లకు కలిగే బాధ ఎలాంటిదో దీన్ని బట్టి ఊహించవచ్చు. ఒకప్పుడు బళ్లలో కుకామా మాట్లాడితే శిక్షించేవారు. ఇప్పుడు నౌతాలో రేడియో ఉకమారా ఆ భాషను పిల్లల నోట మళ్లీ పలికించడానికి కృషి చేస్తోంది. ప్రయాణానికి ముందు దాని గురించి చదవండి.

డబ్బు ప్రశ్న కూడా దాటవేయను. పెరూలో 2025లో కనీస నెలజీతం 1,130 సోల్‌లు. మీ ఒక్కొక్కరి విమాన ఖర్చుతో అక్కడి వడ్రంగికి నెలల తరబడి పని కల్పించవచ్చు. అలాంటప్పుడు డబ్బే పంపవచ్చు కదా? కట్టడం ఒక్కటే లక్ష్యమైతే నేనూ డబ్బే పంపమంటాను. అందుకే ఈ పనిలో పెద్ద మేస్త్రి ఆ ఊరి వడ్రంగే, ఆయనకు పూర్తి కూలి ఇస్తాం, మీరు ఆయన చేతికింద ఉంటారు. మీ ప్రయాణానికి సమర్థన ఒకటే: రేపు మీలో కొందరు నీటిపథకాలు గీస్తారు, ఆసుపత్రులు నడుపుతారు, చట్టాలు రాస్తారు. గుంజ మీద చారను చదవగలిగే మనుషుల దగ్గర కొన్నాళ్లు పనిచేసినవాళ్లు ఆ కాగితాలు వేరే విధంగా రాస్తారని నా నమ్మకం.

ఆ తీరంలో మిన్గా అనే పద్ధతి ఉంది. ఒకరి చేను నరకడానికి, ఇల్లు కప్పడానికి ఊరంతా వచ్చి చేయి వేస్తుంది. పిలిచినవాళ్లు భోజనం పెడతారు, కర్రపెండలంతో పులియబెట్టిన మసాతో పోస్తారు. రేపు మరొకరి పనికి వీళ్లు వెళ్తారు. ట్యాంకు పని కూడా మిన్గాగానే జరుగుతుంది. మీ చేతికి గిన్నె ఇస్తారు. సంప్రదాయంగా ఆడవాళ్లు నమిలి పులియబెట్టే పానీయం అది. తాగలేకపోతే పెదవులకు ఆనించి మర్యాదగా తిరిగి ఇవ్వండి, మొహం మాత్రం చిట్లించకండి. ఇక వాళ్లు మీ పనికి చేయి వేసే రోజు ఎప్పుడంటారా? సాయంత్రాలు వాళ్లు మీకు తెడ్డు పట్టడం, వల విసరడం నేర్పుతారు. అలా ఆ బాకీలో కొంతైనా వాళ్లు తీర్చేస్తారు.

ఫొటోల గురించి క్లుప్తంగా: పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల్ని అడగకుండా తీయకూడదు, అడిగి తీసినవి కూడా సామాజిక మాధ్యమాల్లో పెట్టకూడదు. బయటి ప్రపంచానికి దూరంగా బతకాలని ఎంచుకున్న జాతులకు పెరూ 2006 నుంచి చట్టపరమైన రక్షణ ఇస్తోంది. వాళ్ల ప్రాంతాల వైపు వెళ్దామని ఏ పడవవాడు ఆశపెట్టినా ఒప్పుకోకండి.

ఊరి సభ రాసిన తీర్మానం ప్రతి మన దగ్గర ఉంది. కింద అపు, అంటే ఊరి పెద్ద, సంతకం, ఊరివాళ్ల సంతకాలు, సంతకం రానివారి వేలిముద్రలు ఉన్నాయి. వచ్చే శనివారం ఇదే గదిలో దాన్ని స్పానిష్‌లో వాక్యం వాక్యం చదువుదాం. సివిల్ విద్యార్థులు వేదిక పటం గీసుకురండి, ఎత్తు రాయవలసిన చోట ఖాళీ ఉంచండి. అది అక్కడ అడిగి నింపుకుందాం. స్పానిష్ ఇంకా తడబడుతున్నవారు ఈ సాయంత్రమే నాకు పేర్లు ఇవ్వండి, రేపటి నుంచే మీకు తరగతులు మొదలుపెడతాం.